జంతువుల సంఖ్య పెరిగి పెరిగి ఒకచోట ఆగుతుందంటారు, మరి ఈ దీవిలో ఎందుకు ఆగలేదు?

సందేహాల_రాణి
జంతువుల సంఖ్య ఎలా పెరుగుతుందో చెప్పే పాఠంలో ఎస్ అక్షరంలా వంపు తిరిగిన గీత ఒకటి ఉంటుంది కదా. మొదట మెల్లగా, తర్వాత జోరుగా, చివర్లో నెమ్మదించి ఒక ఎత్తు దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది. ఆ ఎత్తే క్యారియింగ్ కెపాసిటీ, అంటే ఆ చోటు ఎన్ని ప్రాణులను పోషించగలదో అంత. చదివినప్పుడు అంతా సరిగానే అనిపించింది.

తర్వాత అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి గురించి చదివాను. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్లు అక్కడ 29 రెయిన్‌డీర్లను (చలి ప్రాంతాల జింకలను) వదిలారు. సరుకుల ఓడ రాకపోతే సిబ్బందికి తిండిగా పనికొస్తాయని. యుద్ధం అయిపోయింది, మనుషులు వెళ్లిపోయారు, రెయిన్‌డీర్లు ఉండిపోయాయి. 1957లో లెక్కపెడితే 1,350. 1963లో 6,000. 1966లో 42! ఆ 42లో మగది ఒక్కటే. చివరికి అవీ మిగల్లేదు.

ఇందులో ఎస్ గీత ఎక్కడుంది? మధ్యలో ఎక్కడో నెమ్మదించి ఆగాలి కదా, ఎందుకు ఆగలేదు? పాఠం తప్పా, లేక ఈ దీవి ఒక్కటే విడ్డూరమా? పరీక్ష కోసం కాదు, అది చదివిన దగ్గర్నుంచి మనసులో తిరుగుతూనే ఉంది.

నిద్రరాని_నక్క
తోడేళ్లు లేవు. అంతే. వేరే కారణం వెతకక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
పాఠం తప్పు కాదు రాణిగారూ. ఆ గీత వెనక కొన్ని షరతులున్నాయి, వాటిని ఎవరూ గట్టిగా చెప్పరు.

అది 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ ఇచ్చిన సూత్రం. ఏడాదిలో పెరిగే సంఖ్య = ఆర్ × ఎన్ × (1 − ఎన్/కె). ఎన్ ఇప్పుడున్న సంఖ్య. కె ఆ చోటు మోయగల సంఖ్య. ఆర్ అంటే ఏ అడ్డూ లేనప్పుడు ఒక్కో జంతువుకు వచ్చే పెరుగుదల. కె 1,000, ఆర్ 0.5 అనుకోండి. 10 జంతువులున్నప్పుడు ఏడాదికి 5 పెరుగుతాయి, 500 ఉన్నప్పుడు 125, 900 ఉన్నప్పుడు 45, వెయ్యికి చేరితే సున్నా. బ్రాకెట్లో ఉన్న ముక్కే బ్రేకు.

ఆ బ్రేకు పనిచేయాలంటే కె కదలకుండా ఉండాలి. రద్దీ పెరిగిన క్షణమే పుట్టుకలు తగ్గడమో చావులు పెరగడమో జరగాలి. ఆలస్యం కుదరదు. ఇప్పుడు మీరిచ్చిన అంకెలే చూడండి. 29 నుంచి 1,350 అవడానికి 13 ఏళ్లు, అంటే ఏడాదికి దాదాపు 34 శాతం. 1,350 నుంచి 6,000 అవడానికి 6 ఏళ్లు, అంటే ఏడాదికి దాదాపు 28 శాతం. వేగం తగ్గింది గానీ చాలా కొంచెం. 28 శాతం చొప్పున పోతే మూడేళ్లు నిండకముందే రెట్టింపు. అంటే 1963లో ఉన్నవాటిలో సగం అంతకు మూడేళ్ల ముందు లేవు. బ్రేకు పడేలోపే బండి అంచు దాటేసింది.

సందేహాల_రాణి
మాస్టారూ, మూడేళ్లలో సగం అన్న మాట ఇప్పుడే తట్టింది, ఒళ్లు జలదరించింది. అయితే బ్రేకు ఎందుకు ఆలస్యమైంది? తిండి తగ్గుతుంటే వాటికి తెలియదా?

అడవి_బాట
దీనికి ఆ దీవిలో అవి తిన్నదేమిటో చూడాలి. ఎండాకాలంలో గడ్డి, చిన్న చిన్న మొక్కలు దొరుకుతాయి. చలికాలంలో మంచు తవ్వుకుని లైకెన్లు (నేలను, రాళ్లను అంటిపెట్టుకుని పెరిగే నాచులాంటివి) తింటాయి, రెయిన్‌డీర్‌కు చలికాలం గడిచేది వాటి మీదే. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి ఎదగదు. 1944కు ముందు అక్కడ దాన్ని మేసే పెద్ద జంతువే లేదు కాబట్టి తరాల తరబడి పేరుకున్న మేత అంతా నేల మీద మందంగా పరిచి ఉంది.

అంటే ఆ మంద వడ్డీతో బతకలేదు, అసలు తింటూ బతికింది. అసలు తింటున్నంత కాలం ఇంట్లో కొరత కనబడదు. 1957లో ఆ దీవికి వెళ్లిన జీవశాస్త్రవేత్త డేవిడ్ క్లైన్‌కు అవి బాగా కొవ్వు పట్టి, మామూలు మందల కంటే బరువుగా కనిపించాయి. 1963లో మళ్లీ వెళ్తే బరువులు బాగా పడిపోయాయి, దూడల వాటా తగ్గింది, లైకెన్ నేల బోసిపోయింది. 1963–64 చలికాలంలో మంచు విపరీతంగా కురిసింది. 1966లో ఆయన చూసింది ఎముకలు. మూలుగలో కొవ్వు లేదు, అంటే ఆకలి చావులు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, కె అనేది స్థిరంగా నిలబడ్డ గోడ కాదు. మంద పెరిగే కొద్దీ కె కిందికి దిగుతోంది. మంద పైకి, కె కిందికి. రెండూ ఎదురుపడ్డ రోజుకే పని అయిపోయింది. అందుకే తోడేళ్లు లేవన్న ఒక్క ముక్కతో సరిపెడితే నేను ఒప్పుకోను నక్కా.

నిద్రరాని_నక్క
నక్కను కాబట్టి దాయాదుల తరఫున మాట్లాడక తప్పదు :) అయినా అడుగుతున్నా, తోడేళ్లే ఉంటే 6,000 దాకా వచ్చేవా? అమెరికాలో కైబాబ్ పీఠభూమి సంగతి అందరికీ తెలుసు. తోడేళ్లను, ప్యూమాలను చంపేశారు, జింకలు లక్షకు చేరి మేత అయిపోయి చచ్చాయి.

పాత_లైబ్రరీ
కైబాబ్ కథ పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం అలాగే నడిచింది. 1970లో జీవశాస్త్రవేత్త గ్రేమ్ కాగ్లీ పాత కాగితాలు తిరగేసి చూస్తే ఆ లక్ష అన్నది ఎవరూ లెక్కపెట్టిన అంకె కాదు. ఒకే ఏడాదికి వేర్వేరు మనుషులు వేర్వేరు అంచనాలు చెప్పారు, వాటిలో అన్నిటికంటే పెద్దది పుస్తకాలకెక్కింది. పైగా అదే కాలంలో అక్కడ మేసే గొర్రెలు, పశువుల సంఖ్య కూడా బాగా తగ్గింది. జింకలు పెరిగింది వేటాడే జంతువులు పోయినందుకా, మేతకు పోటీ తగ్గినందుకా అన్నది విడదీయడం కష్టం. జింకలు పెరిగిన మాట, మేత పాడైన మాట నిజమే. కారణం ఒక్కటే అని గుద్ది చెప్పడానికి మాత్రం ఆ ఉదాహరణ పనికిరాదు.

నిద్రరాని_నక్క
సరే, కైబాబ్ పక్కన పెడదాం. ఐల్ రాయల్ చూడండి. సుపీరియర్ సరస్సులోని దీవి, 1958 నుంచి ఆపకుండా తోడేళ్లను, మూస్‌లను (పెద్ద జింక జాతి) లెక్కపెడుతున్నారు. 1980లో 50 తోడేళ్లు. కుక్కల నుంచి వచ్చిన పార్వోవైరస్ తగిలి 1982కి 14 అయ్యాయి. ఆ తర్వాత మూస్‌లు పెరుగుతూ పోయి 1990ల నడుమ 2,400 దాకా చేరాయి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అడవి_బాట
వాక్యం సగంలో ఆపేశారు. 1996 చలికాలం ఘోరంగా ఉండి మూస్‌లు ఏడాదిలోనే 500 దగ్గరికి పడిపోయాయి. వాటిని కిందికి తెచ్చింది తోడేళ్లు కాదు, మంచు, ఆకలి, ఒంటి నిండా పేలలా పట్టిన పిడుదులు. తోడేళ్ల సంగతికొస్తే, దగ్గరి చుట్టరికాల్లోనే పిల్లలు పుట్టీ పుట్టీ వెన్నెముక లోపాలతో క్షీణించి 2016కి రెండే మిగిలాయి. 2018, 2019లో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలారు. ఆ దీవిలో ఒక్కో దశాబ్దంలో ఒక్కో కారణం పెత్తనం చేసింది. వైరస్, చలి, రక్తసంబంధం, మేత.

నిద్రరాని_నక్క
తోడేళ్లు తగ్గాకే మూస్‌లు పెరిగాయన్నది మాత్రం అలాగే ఉంది. ఆ ముక్క వదిలేది లేదు.

చేపల_తొట్టి
మా ఇంట్లో గాజు తొట్టి ఉంది, గప్పీలు. మొదట్లో తెగ పిల్లలు పెట్టాయి, ఆ సంబరమే వేరు. తర్వాత సంఖ్య ఒక స్థాయికి వచ్చి ఆగిపోయింది. మేత ఎప్పటిలాగే పెడుతున్నా, చచ్చిన చేపలు కూడా కనబడవు. పిల్లలు పుట్టడం చూస్తున్నాం, తెల్లారేసరికి లేవు. ఏమవుతున్నాయి?

పురుగుల_పుస్తకం
పెద్దవి తినేస్తున్నాయి. గప్పీల్లో ఇది మామూలే. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు పిల్లలు తప్పించుకుంటాయి, రద్దీ పెరిగితే ప్రతి మూలా ఒక నోరు. పైగా రద్దీ తొట్టిలో అమ్మోనియా పెరుగుతుంది. అది వాటి మలమూత్రాల నుంచే వస్తుంది, ఫిల్టర్లోని బ్యాక్టీరియా ఎంత శుభ్రం చేయగలదో అంతే. అంటే మీ తొట్టికి హద్దు మేత ఒక్కటే కాదు, దాక్కునే చోటు, నీటి శుభ్రత కూడా. గుబురు మొక్కలు వేసి చూడండి, పిల్లలు మిగులుతాయి. ఆ తర్వాత వాటిని ఎవరికి పంచాలో ఇప్పుడే ఆలోచించుకోండి.

చేపల_తొట్టి
మొక్కలు వేస్తాను. పంచే బాధ్యత ఈ థ్రెడ్‌లో అందరిదీ, చిరునామాలు సిద్ధంగా ఉంచుకోండి :)

లెక్కల_మాస్టారు
తొట్టి ఉదాహరణలో ఎస్ గీత దాదాపు అచ్చంగా కనబడింది చూశారా రాణిగారూ. రద్దీ పెరగగానే ఆ రాత్రే పిల్లలు మాయం, అంటే బ్రేకుకు ఆలస్యం లేదు. రష్యా శాస్త్రవేత్త గావుజ్ 1930ల్లో పారమీసియంను గాజు గొట్టాల్లో పెంచాడు, రోజూ కొలిచినంత మేత వేస్తూ. అక్కడా ఎస్ గీతే వచ్చింది. ఏకకణ జీవి ఆకలైతే చీలడం వెంటనే ఆపేస్తుంది. రెయిన్‌డీర్ కడుపులో దూడ ఉండగా మేత తగ్గితే ఆ దూడ ఎలాగూ పుడుతుంది.

బ్రేకే లేకపోతే ఎలా ఉంటుందో కూడా ఒకసారి లెక్క వేయండి. ఈ.కోలై బ్యాక్టీరియా అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఒక్కోటి గ్రాములో లక్ష కోట్లో వంతు బరువు. అలా ఆగకుండా పోతే 44 గంటలకు వాటి మొత్తం బరువు భూమి బరువుకు దగ్గరవుతుంది. కాగితం మీద వేసి చూడండి, 132 రెట్టింపులు.

సందేహాల_రాణి
వేశాను, వచ్చింది. రెండు రోజులు కూడా నిండలేదు!

గోదాం_బాబాయి
నేను ధాన్యం గోదాంలో పని చేస్తాను. ఎలుకలతో నిత్యం యుద్ధం. మందు పెడతాం, బోన్లు పెడతాం, కుప్పలు తెప్పలుగా చస్తాయి, కొన్నాళ్లకు మళ్లీ అన్నీ తయారు. మీరు చెప్పే బ్రేకు ఎలుకలకు పడదా?

పురుగుల_పుస్తకం
బాబాయ్, మీరు సంఖ్యను తగ్గిస్తున్నారు, హద్దును ముట్టుకోవట్లేదు. మాస్టారి లెక్క ప్రకారం సగం చంపితే మిగిలిన సగం అన్నిటికంటే వేగంగా పెరిగే చోటికి వస్తాయి. 1,000 హద్దు ఉన్న చోట 500కి తెస్తే ఏడాదికి 125 అని పైన రాశారు చూడండి. మిగిలినవాటికి తిండి ఎక్కువ, బొరియలు ఖాళీ, పిల్లలన్నీ బతుకుతాయి.

1940ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో డేవిడ్ డేవిస్ అనే ఆయన బృందం వీధుల్లోని ఎలుకల మీద ఇదే పరీక్షించింది. చంపిన చోట మళ్లీ పాత సంఖ్యకు వచ్చేశాయి. చెత్త, తిండి దొరకకుండా చేసి ఇళ్లు బాగుచేసిన చోట తగ్గి అలాగే ఉన్నాయి. గోదాంలో అయితే నేల మీద చిందిన గింజ, తలుపు కింద సందు, బస్తాల వెనక చీకటి మూల, ఇవి చూడండి. బోన్లు ఆపమని కాదు, ఇవి చేశాకే బోన్లకు అర్థం.

గోదాం_బాబాయి
బస్తాలు గోడకు ఆనించే పేరుస్తాం. వెనక చెయ్యి కూడా దూరదు. అర్థమైంది, ముందు అక్కడ మొదలుపెడతాను.

మంచుకొండ
రాణిగారి మొదటి ప్రశ్నకు ఇంకో జత ఉదాహరణ ఉంది, ఇది ఎవరూ చెప్పలేదు. అదే బేరింగ్ సముద్రంలో ప్రిబిలాఫ్ దీవులు. 1911లో సెయింట్ పాల్‌లో 25, సెయింట్ జార్జ్‌లో 15 రెయిన్‌డీర్లను వదిలారు. సెయింట్ పాల్ మంద 1938లో 2,000 దాటింది, 1950కి 8 మిగిలాయి. పక్కనే ఉన్న సెయింట్ జార్జ్ మంద 1922లో 222కి చేరి, తగ్గి, ఆ తర్వాత 40–60 మధ్య చిన్న మందగా ఏళ్ల తరబడి ఉంది. రెండు చోట్లా తోడేళ్లు లేవు.

కాబట్టి తోడేళ్లు లేకపోతే కూలిపోవడం ఖాయం అనడానికి లేదు. ఒకే జంతువు, ఒకే ఏడాది, పక్కపక్క దీవులు, కథలు మాత్రం వేరు.

నిద్రరాని_నక్క
సెయింట్ జార్జ్ సంగతి ఇంతవరకు వినలేదు, బాగుంది. అయితే వేటాడే జంతువులకు అసలు పాత్రే లేదంటారా?

మంచుకొండ
ఉంది, ఒంటరిగా కాదు. కెనడా యూకాన్‌లోని క్లువానేలో 1980ల చివర్నుంచి స్నోషూ కుందేళ్ల మీద పెద్ద ప్రయోగం చేశారు. అడవిలో చదరపు కిలోమీటరు ముక్కలు తీసుకుని ఒకచోట అదనంగా మేత వేశారు, ఒకచోట కరెంటు కంచె కట్టి లింక్స్ (అడవి పిల్లి జాతి), కయోటీలను (తోడేలు లాంటివి) రానివ్వలేదు, ఒకచోట రెండూ చేశారు. కంచె ఒక్కటే ఉన్నచోట కుందేళ్లు దాదాపు రెండింతలు. మేత ఒక్కటే వేసినచోట మూడింతలు. రెండూ ఉన్నచోట పదకొండింతలు! రెండూ మూడూ కలిపితే అయిదు, గుణిస్తే ఆరు, వచ్చింది పదకొండు. అంటే ఆకలి, భయం రెండూ ఒకదాన్నొకటి పెంచుతున్నాయి. ఆకలిగా ఉన్న కుందేలు మేత కోసం ప్రమాదమైన చోటికి వెళ్తుంది. చుట్టూ లింక్స్‌లు తిరుగుతుంటే ఆ ఒత్తిడికి పుట్టే పిల్లలు కూడా తగ్గిపోతాయి.

ఆ కుందేళ్లు, లింక్స్‌లు కలిసి దాదాపు పదేళ్లకోసారి పెరిగి పడతాయి. హడ్సన్స్ బే కంపెనీ తోళ్ల లెక్కల పుస్తకాల్లో ఆ ఊగిసలాట రెండు శతాబ్దాల పాటు కనబడుతుంది.

అడవి_బాట
ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. కారణం ఏది అని వాదించుకునే ప్రతివాళ్లకూ ముందు దీన్ని చూపించాలి.

వాన_చినుకు
అందరూ రద్దీ రద్దీ అంటున్నారు. వాతావరణానికి రద్దీతో పని లేదు. వరద వచ్చినప్పుడు పది పురుగులున్నా పదివేలున్నా కొట్టుకుపోతాయి. నా ఉద్దేశంలో చిన్న ప్రాణుల విషయంలో కె అన్న మాటే అనవసరం. అవి హద్దు దాకా ఎప్పుడూ చేరవు, ఈలోపే ఎండో వానో పని పట్టేస్తుంది.

పాత_లైబ్రరీ
ఈ వాదన పాతదే, అదీ ఆస్ట్రేలియాలో ఇద్దరు కీటక శాస్త్రవేత్తల మధ్యే గట్టిగా నడిచింది. ఆండ్రువార్తా మీలాగే అన్నాడు. అడిలైడ్‌లో గులాబీ పూలలోని త్రిప్స్ పురుగులను 14 ఏళ్ల పాటు లెక్కపెడితే ఏడాదికేడాదికీ వచ్చే తేడాలో ఎక్కువ భాగం వాతావరణంతోనే చెప్పగలిగారు. నికల్సన్ ఒప్పుకోలేదు. వాతావరణం సంఖ్యను పైకీ కిందికీ కదుపుతుంది గానీ, ఏ సంఖ్యకూ కట్టుబడి ఉంచలేదు అన్నాడు. రద్దీతో పెరిగే అడ్డు లేకపోతే ఏదో ఒకరోజు సున్నాకో అనంతానికో పోవాల్సిందే అని.

వాన_చినుకు
కదపడం వేరు, కట్టి ఉంచడం వేరు. ఆ తేడా ఒప్పుకోవచ్చు. కానీ ఎడారిలో, తుపాను దారిలో బతికే ప్రాణుల్ని చూసి చెప్పండి, రోజూ వాటి బతుకును నడిపేది ఏది? నేను ఆండ్రువార్తా వైపే.

లెక్కల_మాస్టారు
నికల్సన్ పేరు వచ్చింది కాబట్టి ఆయన ఈగల ప్రయోగం చెప్పకుండా ఉండలేను. 1950ల్లో గొర్రెల బ్లోఫ్లై ఈగలను పంజరంలో పెంచాడు. పెద్ద ఈగలకు రోజూ ఒకే కొలత ప్రోటీన్ మేత. వేడి మారదు, వేటాడేవి లేవు, వాన లేదు. అయినా ఈగల సంఖ్య స్థిరపడలేదు, దాదాపు 40 రోజులకోసారి వేలల్లోకి ఎగిరి మళ్లీ అడుగుకు పడేది. ఎందుకంటే ఈగలు కొన్నే ఉన్నప్పుడు ఒక్కోదానికి ప్రోటీన్ దండిగా దొరికి గుడ్లు విపరీతంగా పెట్టేవి. ఆ గుడ్లు ఈగలయ్యేసరికి రెండు వారాలు. అప్పటికి రద్దీ, ప్రోటీన్ చాలదు, గుడ్లు సున్నా. ఆలస్యం ఒక్కటి చాలు, ఊగిసలాటకు బయటి శత్రువు అక్కర్లేదు.

1976లో శాస్త్రవేత్త రాబర్ట్ మే దీన్నే లెక్కల్లో ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. తరాల లెక్కన నడిచే లాజిస్టిక్ సూత్రంలో (పైన చెప్పిన వెర్‌హుల్స్ట్ సూత్రానికే మరో రూపం) ఒక్కో తరానికి ఎన్ని రెట్లవగలదో ఆ అంకె 3 లోపుంటే సంఖ్య స్థిరపడుతుంది. 3 దాటితే రెండు విలువల మధ్య ఊగుతుంది, తర్వాత నాలుగు, ఎనిమిది. 3.57 దాటాక ఏ క్రమమూ కనబడదు. అంత చిన్న సూత్రం లోపల అంత గందరగోళం దాక్కుని ఉంది. కాబట్టి అడవిలో సంఖ్యలు చిందరవందరగా కనబడినంత మాత్రాన వాటిని వాతావరణం ఖాతాలో వేసేయకూడదు వాన_చినుకు గారూ.

పిచ్చుక_గూడు
పక్షులకు తిండి కంటే ముందు చోటే హద్దవుతుంది చాలాసార్లు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో జాన్ క్రెబ్స్ గ్రేట్ టిట్ పిట్టల జతలను కొన్నిటిని వాటి ఇలాకాల నుంచి తీసేశాడు. కొద్ది రోజుల్లోనే ఆ ఖాళీల్లోకి కొత్త జతలు వచ్చేశాయి, అడవి బయట పొదల వరసల నుంచి. అంటే చోటు దొరక్క బయట కాచుకుని ఉన్నవి ఎన్నో ఉన్నాయి. మనం లెక్కపెట్టేది లోపల ఉన్నవాటినే. ఈ బయటివాళ్ల గురించి ఆలోచిస్తే నాకు ఎప్పుడూ జాలేస్తుంది.

ఇప్పటిదాకా అందరూ ఎక్కువైతే ఏమవుతుందనే మాట్లాడారు. తక్కువైనా ముప్పే కదా?

పురుగుల_పుస్తకం
ముప్పే. దాన్ని ఆలీ ఎఫెక్ట్ అంటారు, వార్డర్ క్లైడ్ ఆలీ పేరు మీద. గోల్డ్‌ఫిష్‌లు గుంపుగా ఉంటే నీళ్లలోని విషాన్ని తట్టుకుని ఎక్కువసేపు బతికాయని ఆయన చూపించాడు. మాస్టారి సూత్రంలో సంఖ్య ఎంత తగ్గితే ఒక్కోదాని వాటా అంత బాగుంటుంది. నిజంలో ఒక మట్టం కిందికి పోతే జోడీ దొరకదు, కాపలా కళ్లు తక్కువ, కలిసి వేటాడటం కుదరదు. ప్యాసెంజర్ పావురాలు ఉత్తర అమెరికాలో ఒకప్పుడు వందల కోట్లు. లక్షల గూళ్లు ఒకేచోట కట్టుకునే పక్షి. వేటతో తగ్గాయి, చెల్లాచెదురైన చిన్న గుంపులు నిలదొక్కుకోలేకపోయాయి. ఆఖరిది, మార్తా, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది.

మంచుకొండ
దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఉత్తర ఎలిఫెంట్ సీల్స్ అనే సముద్ర జంతువులు నూనె కోసం జరిగిన వేటతో 1890ల నాటికి వంద లోపుకు పడిపోయాయి. ఇప్పుడు సుమారు 2 లక్షలు. అన్నీ ఒకే తీరానికి చేరి ఈనే అలవాటు ఉండటంతో జోడీ దొరకని సమస్య రాలేదు. జన్యు వైవిధ్యం మాత్రం ఘోరంగా తగ్గిపోయింది.

పిచ్చుక_గూడు
రాబందుల సంగతి గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఏడాదికి ఒక్క గుడ్డు, పిల్ల పెద్దదై జత కట్టడానికి దాదాపు అయిదేళ్లు. అలాంటి పక్షికి పెద్దవాటి చావులు కొంచెం పెరిగినా లోటు పూడదు. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను పాడుచేసింది. భారతదేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్య 99.9 శాతం తగ్గాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. తిండి తరగలేదు, చోటు తరగలేదు, కె ఎక్కడిదక్కడే ఉంది, పక్షులే లేవు.

చేపల_తొట్టి
ఇది చదివాక గప్పీల గొడవ చిన్నదైపోయింది. ఒకటి అడగాలి, హద్దు దగ్గర సాఫీగా ఆగిన పెద్ద జంతువు ఏదైనా అడవిలో ఉందా? అన్నీ కూలిన కథలే వింటున్నాం.

అడవి_బాట
ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల వైల్డ్‌బీస్ట్‌లు, అంటే పెద్ద జింక జాతి జంతువులు. 1890ల్లో రిండర్‌పెస్ట్ వైరస్ ఆఫ్రికాలోకి పశువులతో వచ్చి వాటిని దెబ్బతీసింది, ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఏటా దూడల్ని చంపేది. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో 1960ల్లో అడవి జంతువుల్లోనూ ఆ జబ్బు పోయింది. 1961లో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 1977కి 13 లక్షలు దాటాయి. అక్కడి నుంచి పెరుగుదల ఆగింది. కొన్ని కరువుల్లో తగ్గి మళ్లీ కోలుకున్నాయి.

ఆపింది సింహాలు కాదు. మంద ఎప్పుడూ వలసలో ఉంటుంది, సింహాలు పిల్లలతో ఒకే ఇలాకాలో ఉండిపోతాయి, అంత మందను అణచగలిగేన్ని ఉండవు. ఆపింది ఎండాకాలంలో ఒక్కో జంతువుకు దక్కే పచ్చగడ్డి. గడ్డి వానలకు మళ్లీ మొలుస్తుంది, లైకెన్‌లా దశాబ్దాలు పట్టదు. పైగా మంద కదులుతూ ఉండటంతో మేసిన నేలకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది.

సందేహాల_రాణి
అంటే మేత ఎంత త్వరగా తిరిగొస్తుంది, మంద ఎంత త్వరగా పెరుగుతుంది, ఈ రెండు వేగాల పందెమా? ఇలా ఆలోచిస్తే అన్నీ కలుస్తున్నాయి.

అడవి_బాట
పెద్ద శాకాహారుల వరకు చాలా భాగం అదే.

కొత్త_మెంబర్77
మరి మనుషుల కె ఎంత?

పాత_లైబ్రరీ
1920లో పెర్ల్, రీడ్ అనే శాస్త్రవేత్తలు ఇదే ఎస్ గీతతో అమెరికా జనాభా 19.7 కోట్ల దగ్గర ఆగుతుందని లెక్క కట్టారు. 1967లోనే 20 కోట్లు దాటేసింది, ఇంకా పెరిగింది. పంట దిగుబడి, వైద్యం, వలసలు మారుతుంటే గతంలోని గీతను ముందుకు లాగి హద్దు చెప్పలేం.

మోడరేటర్_కలం
మనుషుల జనాభా మీద వేరే థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ. ఇక్కడ జంతువుల గురించే.

గోదాం_బాబాయి
ఇంకొక్క సందేహం. ఆ దీవిలో ఎవరైనా ముందే కనిపెట్టే వీలుండేదా? తలలు లెక్కపెడితే పెరుగుతూనే ఉన్నాయి కదా, చూసినవాడు బాగుందనే అనుకుంటాడు.

అడవి_బాట
మంచి ప్రశ్న బాబాయ్. తలలు లెక్కపెట్టడం అన్నిటికంటే ఆలస్యంగా తెలిసే కబురు. పెద్ద క్షీరదాల్లో మేత ఇరుకైనప్పుడు దెబ్బలు దాదాపు ఒకే వరసలో పడతాయని ఎబర్‌హార్ట్ అనే జీవశాస్త్రవేత్త చెప్పాడు. ముందు ఏడాది లోపు పిల్లల చావులు పెరుగుతాయి. తర్వాత ఆడవి మొదటిసారి ఈనే వయసు వెనక్కి జరుగుతుంది. ఆ తర్వాత పెద్ద ఆడవాటి ఈతలు తగ్గుతాయి. పెద్దవి చావడం అన్నిటికంటే చివర.

అందుకే ఇప్పుడు మందల్ని గమనించేవాళ్లు దూడల వాటా, ఒంటి బరువు, దవడ ఎముక పొడవు, చచ్చినవాటి మూలుగలో కొవ్వు చూస్తారు. సెయింట్ మాథ్యూలో 1957కీ 1963కీ మధ్య బరువు, దూడల వాటా రెండూ తగ్గాయి. మంద ఇంకా పెరుగుతూనే ఉంది.

గోదాం_బాబాయి
అయితే బోనులో పడ్డ ఎలుకలు ఎన్ని అని కాదు, వాటిలో పిల్లలెన్ని, బక్కవెన్ని అని చూడాలన్నమాట. ఈ వారం నుంచి రాసిపెడతాను.

పురుగుల_పుస్తకం
రాయండి బాబాయ్, చూడి ఎలుకలెన్నో కూడా వేరే గడిలో రాయండి. గింజ చిందకుండా చేశాక చూడివి తగ్గుతున్నాయంటే పని జరుగుతున్నట్టే, అప్పటికి బోన్లో పడే సంఖ్య తగ్గకపోయినా సరే.